పరిగెత్తని ఏశావు

"నేను పరిగెత్తను టీచర్," అంది మొండి.

ఆ పిల్ల అసలు పేరు ఇంట్లోవాళ్ళే మరిచిపోయారు. స్కూల్ నాటకంలో ఆమెది ఏశావు వేషం. ఏశావుకి ఒంటినిండా జుట్టు కాబట్టి చేతులకి జనపనార అంటించారు. ఒకటే దురద. తమ్ముడు యాకోబు వేషం సొంత చెల్లెలు చిట్టిది.

కథలో యాకోబు అన్న బట్టలు వేసుకుని, చూపు ఆనని తండ్రి దగ్గరికెళ్ళి, అన్నకు దక్కాల్సిన దీవెన కొట్టేస్తాడు. చాలా ఏళ్ళకి భయం భయంగా ఎదురొచ్చి, ఏడుసార్లు నేల మీదకి వంగి దండం పెడతాడు. అప్పుడు ఏశావే పరిగెత్తుకెళ్ళి తమ్ముణ్ణి కౌగిలించుకుంటాడు. మొండికి మింగుడుపడనిది అదే.

"మోసపోయిందీ ఏశావే, పరిగెత్తాల్సిందీ ఏశావేనా? ఇదెక్కడి న్యాయం?"

"నాకూ తెలీదమ్మా. కానీ పరిగెత్తాడు," అంది టీచర్.

మొండి కోపానికి అసలు కారణం ఇంట్లో ఉంది. వాళ్ళ నాన్న వడ్రంగి. కొత్త బల్లకి చిత్రిక పట్టే పని పెద్దమ్మాయికే ఇస్తానని ఎప్పుడో మాటిచ్చాడు. ఒకరోజు మిషన్ హోరులో, కళ్ళద్దాల నిండా రంపపు పొట్టుతో, "పెద్దమ్మాయ్, రా!" అని కేకేశాడు. అక్క చొక్కా తొడుక్కుని చిట్టి వెళ్ళి నిలబడింది. పెద్దదే అనుకుని నాన్న చిత్రిక దాని చేతికిచ్చాడు. మొండి వచ్చేసరికి బల్ల నున్నగా తయారైపోయింది. నాన్న తల పట్టుకున్నాడు. చిత్రిక పట్టిన చెక్కని మళ్ళీ గరుకుగా చెయ్యలేరు కదా!

అప్పటినుంచి మొండి చెల్లెలితో మాట్లాడడం మానేసింది. అన్నం దగ్గర కూడా, "అమ్మా, నీ రెండో కూతుర్ని ఉప్పు ఇటు జరపమను," అనేది.

నాటకం రోజు హాలు కిక్కిరిసిపోయింది. మొండి స్టేజి మీద చేతులు కట్టుకుని నిలబడింది. పరిగెత్తకూడదని ఇంటి దగ్గరే తేల్చుకుని వచ్చింది. అందరి ముందూ చిట్టి పరువు పోవాల్సిందే!

చిట్టి వంగి దండాలు పెట్టుకుంటూ వచ్చింది. ఏడోసారి లేచి అక్కవైపు చూసింది. అక్క కదల్లేదు. చిట్టి మళ్ళీ వంగింది.

"ఎనిమిది!" అని వెనక బెంచీలోంచి ఎవరో అరిచారు. హాలంతా పకపకా నవ్వింది.

"తొమ్మిది!"

చిట్టి పెట్టుడు గడ్డం ఊడి ఒక చెవికి వేలాడుతోంది. కళ్ళనిండా నీళ్ళు. పారిపోవచ్చు కదా, పారిపోలేదు. మళ్ళీ వంగింది.

మొండికి ఒళ్ళు మండిపోయింది. ఈసారి చెల్లెలి మీద కాదు. తను కోరుకున్నది ఇదే. తీరా జరుగుతుంటే ఒక్క క్షణం కూడా చూడలేకపోయింది.

"ఎందుకా నవ్వులు? అది నా చెల్లెలు!" అని హాలు మీద ఒక్క అరుపు అరిచింది. పరుగున వెళ్ళి చిట్టిని గట్టిగా వాటేసుకుంది. జనపనార ఇద్దరికీ గుచ్చుకుంది.

"తప్పయిపోయిందక్కా," అని వెక్కింది చిట్టి. "నువ్వొచ్చేదాకా వంగుతూనే ఉందామనుకున్నా."

"నా కోపం ఇంకా పోలేదు, తెలుసా?" అంది మొండి, చెల్లెల్ని వదలకుండానే.

"తెలుసు."

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. తెర పక్కనుంచి టీచర్, "డైలాగ్! డైలాగ్ చెప్పు!" అని గుసగుసగా తొందరపెట్టింది.

"కాస్త ఆగండి టీచర్," అంది మొండి, అందరికీ వినబడేలా. "నేను మా చెల్లితో మాట్లాడుతున్నా."