వాడిన కనకాంబరాలు

చిత్తూరు లాడ్జిలో ఏజెంట్ నరేంద్ర శవం దొరికిన గంటకే చీఫ్ పరంధామయ్య ఏజెంట్ గ్రేసీకి ఫోన్ చేశాడు. ముఠాలో దూరిన మనవాడు పోయాడు. పోతూ పోతూ ఒకే ఒక్క మెసేజ్ పంపాడు: “రెడ్ డోర్. బస్సు. ఈరోజే.”

రెడ్ డోర్ ఆషామాషీ ముఠా కాదు. చైనాలో ఇంటికొకే బిడ్డ అన్న రోజుల్లో, ఆ ఒక్కరూ మగపిల్లాడే కావాలని పట్టుబట్టిన ఇళ్ళు ఎన్నో. ఆ పిల్లలు పెరిగి పెద్దయ్యారు. ఇప్పుడు పిల్ల దొరక్క కోట్లమంది మగాళ్ళు మిగిలిపోయారు, ముసలివాళ్ళకు గంజి పోసే చేతులూ కరువయ్యాయి. ఆ కరువు మీద బతికే ముఠా ఇది. ముసలివాళ్ళను చూసుకునే నర్సు ఉద్యోగమని చెప్పి మన పిల్లల్ని తీసుకెళ్ళి, అక్కడి మారుమూల పల్లెల్లో పెళ్ళికూతుళ్ళుగా అమ్మేస్తుంది. పాస్‌పోర్టు లాక్కున్నాక ఎంత మొత్తుకున్నా వినే దిక్కుండదు.

ఈ విడత పదకొండు మంది. అందులో గ్రేసీ చెల్లెలు రూతు ఉంది.

“సాయంత్రం చెన్నైలో విమానం ఎక్కినారంటే ఇంక మన చేతిలో ఏం లేదు. టీమునంతా గూడూరు జంక్షన్‌కి పంపించినాను,” అన్నాడు చీఫ్. “రైల్లో పోతారని భానుప్రియ చెప్పినాది.”

“నరేంద్ర బస్సు అన్నాడు కద సార్!”

“భానుప్రియ మన డబుల్ ఏజెంటమ్మా.”

“డబుల్ ఏజెంటంటే రెండిళ్ళ కూడు తినేదే కద సార్! ఏ ఇంటికి విశ్వాసమో ఎవురికి తెలుసు?”

“నీ చెల్లెలు దాంట్లో ఉండాది. నీకు బుర్ర పనిచెయ్యదు. ఇంట్లో ఉండు. ఇది ఆర్డర్.”

ఆర్డరట, ఆర్డరు! తోడబుట్టింది మాయమైపోతుంటే ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకోవాలా? గ్రేసీ పూలమ్మే వేషం కట్టి, బుట్టలో మల్లెల కింద పిస్టల్ దాచి, నగరి దాటాక సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర నిలబడింది. చెన్నై వెళ్ళే యాత్రికుల బస్సులన్నీ అక్కడ ఆగాల్సిందే.

బస్సు ఎక్కడం, దిగడం. ఎక్కడం, దిగడం. రూతు జాడ లేదు. ఇయర్‌పీస్‌లో గరగర తప్ప ఏమీ లేదు. పొద్దు వాలుతోంది. “దేవా, ఈ ఒక్కసారి!” అని గ్రేసీ లోలోపల ఏడ్చింది.

అప్పుడొచ్చింది ఆ ఏసీ బస్సు, ముందు అద్దం మీద వెంకన్న పటంతో. నల్లకళ్ళద్దాలు, పట్టుచీర, మెడలో టూర్ గైడ్ కార్డు. తలుపు దగ్గర సాక్షాత్తూ భానుప్రియ!

“దర్శనం చేసుకుని ఇప్పుడే కొండ దిగాం. నేరుగా ఎయిర్‌పోర్టుకే,” అంది.

కానిస్టేబుల్ తిరుమలయ్య “గోవిందా” అని చేతులు జోడించి, గేటు ఎత్తడానికి వెళ్ళాడు. గ్రేసీ కొంగు ముఖం మీదికి లాక్కుని చటుక్కున బస్సెక్కింది.

మూడో వరసలో రూతు! అక్కను చూసి గుర్తుపట్టి, కిటికీ వైపు తిరిగింది. గ్రేసీ పూలు చూపిస్తున్నట్టు వంగింది.

“నీకు దండం పెడతానక్కా, చెడగొట్టొద్దు,” అంది రూతు గుసగుసగా. “నాకీ ఉద్యోగం కావాల.”

గ్రేసీ గుండె చెరువైంది. పిల్ల ఇష్టపడి వెళ్తోంది! అంతలో పక్కటెముకల్లో చల్లని ఇనుము తగిలింది.

“వేషం బాగా కుదిరింది గ్రేసీ,” అంది భానుప్రియ చెవిలో. “దిగిపో. నోరు జారావో, మొదటి తూటా నీ చెల్లెలికే.”

పిస్టల్ తీసే వీల్లేదు, అరిచే వీల్లేదు. దిక్కుతోచక చూసిన గ్రేసీకి పిల్లల జడలు కనిపించాయి. శుభమా అని మొదటి ఉద్యోగానికి వెళ్తున్న బిడ్డ బోసి తలతో పోకూడదని, పొద్దున్నే తల్లులు పెట్టి పంపిన కనకాంబరాలు. కొండ నుంచి వస్తున్నామని చెప్పమని భానుప్రియ పిల్లలకు నేర్పింది బస్సెక్కాకే అయ్యుంటుంది, తల్లులకేం తెలుసు! గ్రేసీ మెట్టు మీద నిలబడి పూలమ్మే దానిలాగే సణిగింది.

“బోణీ లేదు పాడూ లేదు తిరుమలన్నా! కొండ దిగినోళ్ళు పూలు కొంటారనుకుంటే, అందరి జడల్లో పొద్దున పెట్టుకున్న కనకాంబరాలే వాడి యాలాడతా ఉండాయి!”

సింగపూర్‌లో పెరిగిన భానుప్రియ చిరునవ్వు నవ్వింది. డ్రైవర్ గేరు వేశాడు. గేటు పైకి లేచింది.

తిరుమలయ్య చెయ్యి ఆగింది. కొండ మీద పూలన్నీ స్వామివి, ఏ ఆడమనిషీ తలలో పెట్టుకోదు. చర్చికి పోయే గ్రేసీకే తెలిసిన సంగతి ఆయనకు తెలియదా? గేటు ధభాలున బస్సు ముందు పడింది.

“ఏ కొండ దిగినారమ్మా మీరు?” అని అరిచాడు. “దిగండి కిందికి!”

భానుప్రియ పిస్టల్ పైకి తీసి గ్రేసీ తలకు గురిపెట్టింది. నర్సు ఉద్యోగమిచ్చే మనిషి చేతిలో పిస్టల్ చూసి రూతు ఒక్క క్షణం కొయ్యబారిపోయింది.

మరుక్షణం లేచి ముందుకు దూకి, అమ్మ కట్టిచ్చిన పులిహోర క్యారియరు తిప్పి భానుప్రియ చేతి మీద ఒక్కటిచ్చింది. తూటా బస్సు టాపును చీల్చింది. గ్రేసీ భానుప్రియ చెయ్యి విరిచి పట్టుకుంది. పారిపోబోయిన డ్రైవర్ని తిరుమలయ్య కాలరు పట్టి ఈడ్చాడు.

చీఫ్ లైన్‌లోకి వచ్చేసరికి అంతా అయిపోయింది. “రైలంతా ఎతికినాం గ్రేసీ, నిమ్మకాయ బస్తాలు తప్ప ఏం దొరకలా,” అన్నాడు నీరసంగా. గ్రేసీ జరిగింది చెప్పింది.

జీపులో ఆ పెళ్ళికూతుళ్ళ బేరం సంగతి విని రూతు అక్క భుజం మీద వెక్కి వెక్కి ఏడ్చి, కాసేపటికి తేరుకుంది.

“చైనాలో నా కోసం ఎవురో ఒకాయన కాసుకొని ఉంటాడు కదక్కా? ఆయనకేం చెప్పినారో!”

“పెండ్లికూతురు మనసుపడి వస్తా ఉండాదని చెప్పింటార్లే.”

“పాపం.”

“పాపమేలే,” అంది గ్రేసీ, చెల్లెలి కళ్ళు తుడుస్తూ. “ఆ పొద్దు వాళ్ళ వీధిలో ఆడబిడ్డ ముద్దని ఎవురన్నా అనుకొని ఉంటే, ఈ పొద్దు నీకింత గిరాకీ ఉండేది కాదు.”