ఇరవై పాయింట్ తొమ్మిది అనే అబద్ధం

ఆ హత్యలో తుపాకీ పేలలేదు, కత్తి దిగలేదు, విషం కలవలేదు. నౌకాదళానికి సరుకులు మోసే ఓడ ఒకటి మరమ్మతు యార్డులో ఉంది. దాని అడుగున ఉన్న నాలుగో నంబరు ట్యాంకులోకి దిగిన సేఫ్టీ ఇన్‌స్పెక్టరు, దిగిన మూడో నిమిషంలో గోడకి ఆనుకుని, కునుకు తీసినంత నెమ్మదిగా చనిపోయాడు. అతని ఛాతీ మీద ఆక్సిజన్ మీటరు ఉంది. గాలి చెడిపోతే చెవులు చిల్లులు పడేలా అరవవలసిన యంత్రం అది. అరవలేదు. దాని మెమరీలో చివరిగా నమోదైన ఆక్సిజన్ శాతం 20.9. అంటే ఆరుబయట మనందరం పీల్చే మంచి గాలి.

"ల్యాబ్‌వాళ్లు మూడుసార్లు పరీక్షించారు," అన్నాడు గూఢచారి విభాగానికి అధిపతి. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. "మీటరులో ఏ లోపమూ లేదు. కొత్త సెన్సారు, నిండు బ్యాటరీ. అందుకే ఫైలు మూసేశారు."

"ఏమని రాసి మూసేశారు సార్?"

"స్వీయ నిర్లక్ష్యం."

బల్లకి ఇవతల కూర్చున్న ఏజెంటు పెదవులు బిగించింది. ఆమెకి యాభై రెండేళ్లు. ఎదుటివాళ్ల రిపోర్టుల్లో తప్పులు దిద్దే అలవాటు వల్ల విభాగంలో ఆమెకి పంతులమ్మ అనే పేరు స్థిరపడింది.

"ముప్ఫై ఏళ్లు ఊరందరికీ జాగ్రత్తలు చెప్పినవాడండీ ఆయన. చచ్చినవాడు తిరిగి జవాబు రాయలేడని ఎంత ధైర్యం!"

"కోపం తర్వాత. ముందు పని విను." పెద్దాయన గొంతు తగ్గించాడు. "ఆ ట్యాంకు అడుగున అవతలి దేశపు ముఠా ఒక 'చెవి' అమర్చింది. ఓడలో ఎవరేం మాట్లాడుకున్నా వాళ్లకి చేరుతుంది. ఇన్‌స్పెక్టరు దాన్ని చూసేశాడు. రేపు ఓడ బయల్దేరుతోంది. ఈరోజు పదిన్నరకి ఐదుగురు మనుషులు ట్యాంకు శుభ్రం చెయ్యడానికి దిగుతున్నారు. నువ్వు ఆరోదానివి."

"చెవి ఉందని తెలిసినప్పుడు ఇప్పుడే వెళ్లి పీకెయ్యొచ్చుగా?"

"చెవి దొరికితే చాలదు. పెట్టినవాడు కావాలి. పనివాళ్లు లోపల ఉన్నప్పుడు వాడు డెక్ మీదికి వస్తాడని మన ఇన్‌ఫార్మర్ కబురు పంపింది. యార్డు పరికరాల గది ఇన్‌చార్జి ఆవిడే. ముఠా ఆవిడని తమ మనిషి అనుకుంటోంది. కానీ మన మనిషి."

"అలాగని ఆవిడే చెప్పిందా?"

పెద్దాయన ఆ ప్రశ్న వినపడనట్టు ఫైలు మూశాడు.

విభాగం ఆమెకి రెండు పరికరాలు ఇచ్చింది. ఒకటి కెమెరా దాచిన లిప్‌స్టిక్. దాన్ని ఆమె బల్ల మీదే వదిలేసింది. పుట్టి బుద్ధెరిగాక పెదాలకి రంగు పుయ్యని మనిషి ఈ వయసులో మొదలుపెడితే ముందుగా శత్రువుకే అనుమానం వస్తుంది. రెండోది చొక్కా బొత్తాంలా కనిపించే వైర్‌లెస్. దాన్ని కుట్టించుకుంది. మూడోది ఎవరూ ఇవ్వలేదు, తానే తెచ్చుకుంది. అది పిడికెడంత ఆక్సిజన్ మీటరు. రేవు గోడ మీద నిలబడి, ఆకాశం కింద దాన్ని ఆన్ చేసింది. 20.9 చూపించాక దాని మీద నోటితో గట్టిగా ఊదింది. మనం వదిలే ఊపిరిలో ఆక్సిజన్ తక్కువ కదా, అంకె జారి మీటరు కీచుమంది.

"బతికే ఉన్నావు. పద," అని దాన్ని నీలం పనిబట్టల లోపల, గుండె దగ్గర తగిలించుకుంది.

*

పరికరాల గది కౌంటరు ముందు ఐదుగురూ వరుసలో ఉన్నారు. వాళ్ల మేస్త్రి నెరిసిన మీసాల మనిషి. అతని వెనక ఆరడుగులు దాటిన అతని మేనల్లుడు. యార్డంతా వాణ్ణి నిచ్చెన అంటుంది.

"కొత్తగా వచ్చావామ్మా?" అని మేస్త్రి పంతులమ్మని ఎగాదిగా చూశాడు. "ఈ వయసులో ట్యాంకు పనేంటి తల్లీ? ఇంట్లో చూసేవాళ్లు లేరా?"

"చూసేవాళ్లు ఉన్నారు. చూస్తూ కూర్చోవడమే వాళ్ల పని."

నిచ్చెన పగలబడి నవ్వాడు. "మావయ్యా, ఈ పెద్దమ్మతో నువ్వు గెలవలేవు. ఊరుకో. తొందరగా దిగి తొందరగా ఎక్కేద్దాం. మధ్యాహ్నం పిల్ల బడిలో నాటకం ఉంది. చెట్టు వేషం వేస్తోంది. వెళ్లకపోతే మీ అమ్మాయి నన్ను నరికేస్తుంది."

కౌంటరు వెనక అత్తరు వాసన గుప్పుమంది. మెడలో మూడు పేటల ముత్యాలు, చేతికి తెల్లని గ్లవ్స్, కాటుక చెదరని కళ్లు. ఆ గ్రీజు మరకల యార్డులో ఆవిడ ఒక్కతే ఇప్పుడే ఇస్త్రీ చేసి తెచ్చినట్టు ఉంది. ముత్యాలావిడ అంటే యార్డులో మగాళ్లందరికీ మాట తడబడుతుంది.

"ఈ గదికి కిటికీ లేదాండీ?" అని అడిగింది పంతులమ్మ. అది విభాగం ఇచ్చిన కోడ్.

"ఉంది. తీసేవాళ్లే లేరు." జవాబు సరిపోయింది. ఆవిడ కన్ను లేశంగా మెరిసింది.

ఆవిడ వెనక రబ్బరు అంచుల తలుపున్న గాజు బీరువా ఒకటి ఉంది. మీటర్లన్నీ అందులో, అప్పటికే వెలిగి ఉన్నాయి. బీరువా వెనక నుంచి సన్నని తెల్ల గొట్టం ఒకటి గోడలోకి పోతోంది. ఆవిడ ఒక్కొక్క మీటరూ తీసి, దాని ముఖం మీద తోలు మూత బిగించి అందిస్తోంది.

"ఆన్ చేసే ఇస్తారా అమ్మా?"

"మీకెందుకు శ్రమ అని. మూత మాత్రం ట్యాంకు అడుగుకి వెళ్లేదాకా తియ్యకండి. దుమ్ము పడితే పాడవుతాయి. అక్కడ రూలు రాసే ఉంది."

"ఎప్పుడూ ఇంతేనమ్మా," అన్నాడు మేస్త్రి. "మీటర్లు గదిలోనే ఆన్ చేస్తారు. మేం తగిలించుకుపోతాం. మాకేం తెలుస్తుంది?"

ఆ యార్డులో అందరూ చేస్తున్న తప్పు అదే. ఎవరికీ తప్పనిపించనంత పాతబడిపోయింది.

ఓడ వైపు నడుస్తూ పంతులమ్మ నాలుగడుగులు వెనకబడింది. సముద్రపు గాలి ముఖాన కొడుతుండగా, రూలుని ధిక్కరించి తన మీటరు తోలు మూత విప్పింది.

తెర మీద 41.8.

ఆమె కాళ్లు ఆగిపోయాయి. ఆరుబయట గాలిలో ఇరవై ఒకటికి మించి ఆక్సిజన్ ఉండదు. ఇది రెట్టింపు చూపిస్తోంది. అంతెక్కువ ఉన్నా అరవవలసిందే, కానీ ఆన్ చేసినప్పుడే ఆ అలారం నోరు ఎవరో నొక్కేశారు. ఈ రకం మీటరు కళ్లు తెరిచిన చోట ఏ గాలి ఉంటే దాన్నే మంచి గాలిగా నేర్చుకుంటుంది. గొట్టం గుండా, ఆక్సిజన్‌ని పక్కకి తోసేసే నైట్రోజన్ నింపిన బీరువాలో, సగం ప్రాణమున్న గాలిలో దీన్ని నిద్ర లేపారు. ఆ సగాన్నే అది 20.9 అనుకుంటోంది. ట్యాంకులోనూ అదే సగం గాలి నింపి ఉంచితే, మనుషులు రాలిపోతున్నా ఇది అంతా క్షేమమనే చెబుతుంది. ల్యాబ్‌వాళ్లు తమ కిటికీ పక్కన మళ్లీ ఆన్ చేసి ఉంటారు. అంతే, మీటరు కొత్తగా, సరైన పాఠం నేర్చుకుంది. హంతకుడి వేలిముద్రల్ని వాళ్లే తుడిచేశారు.

ఆమె వైర్‌లెస్ బొత్తాం నొక్కి పెద్దాయనకి రెండు ముక్కల్లో చెప్పింది. "ముత్యాలావిడ మన మనిషి కాదు సార్. ఐదుగురూ చస్తే విచారణ పేరుతో ట్యాంకు సీలు వేస్తారు. ఓడ చెవితో సహా బయల్దేరుతుంది. అదీ ప్లాను. నేను ఆపేస్తున్నాను."

"ఆపకు!" బొత్తాం గరగరలాడింది. "వాళ్లని దిగనీ. అప్పుడే అసలువాడు బయటికొస్తాడు. పట్టుకున్నాక పైకి లాగేద్దాం."

"ఎన్ని నిమిషాలకి లాగుతారు సార్?"

అడుగుతూనే ఆమె మీటరు మూత మళ్లీ బిగించింది.

"మీ గాలానికి ఎరగా గుచ్చడానికి వీళ్లు వానపాములు కారు."

"ఇది ఆర్డర్!"

ఆమె బొత్తాం తెంపి సముద్రంలోకి విసిరేసి, పరుగందుకుంది.

*

డెక్ మీద ట్యాంకు మూత అప్పటికే తెరిచి ఉంది. పైన మూడు కాళ్ల స్టాండు, దాని కప్పీ మీదుగా తాడు లోపలికి దిగి ఉంది. అందరి తలల మీదుగా తేలవలసిన ఆరడుగుల మనిషి తల కనిపించలేదు.

"నిచ్చెన ఏడీ?"

"నాటకం తొందర కదమ్మా, వాడే ముందు దిగాడు," అన్నాడు మేస్త్రి. "తాడు కట్టే పంపాను. తాడు లేకుండా మా వంశంలో ఎవరూ దిగలేదు. ఒరేయ్! నిచ్చెనా! ఎలా ఉందిరా?"

లోపలి నుంచి జవాబు రాలేదు. పార చేతిలోంచి జారి ఇనుము మీద పడ్డ చప్పుడు మాత్రం వచ్చింది.

"ఒరేయ్!" మేస్త్రి మెట్ల నిచ్చెన మీద కాలు పెట్టాడు. పంతులమ్మ అతని రొమ్ము మీద రెండు చేతులూ వేసి వెనక్కి నెట్టింది.

"నా మేనల్లుడమ్మా! జరుగు!"

"దిగితే ఇద్దరు పోతారు! లాగండి. పైనుంచే లాగండి!"

ఆమె వంగగానే పనిబట్టల లోపలున్న సొంత మీటరు గొంతు చించుకుంది. ఆ కూతకి అందరూ కొయ్యబారారు. మరుక్షణం నాలుగు జతల చేతులు తాడు మీద పడ్డాయి. కప్పీ కిర్రుమంది. అవతల వాల్వు దగ్గర తెల్ల హెల్మెట్ పెట్టుకున్న పెయింటు కంపెనీ ఇంజినీరు ఒకడు, ఇదంతా చూస్తూనే, సహాయానికి రాకుండా వాల్వు చక్రాన్ని మరో రెండు చుట్లు తిప్పడం పంతులమ్మ కంట పడింది. ట్యాంకులోకి నైట్రోజన్ హోరుమని దూకింది. పెద్దాయన వెతికే అసలువాడు వీడే.

"ఇంకా! ఇంకా! ఊపిరి బిగబట్టి లాగండి!"

నీలిరంగు తిరిగిన పెదాలతో నిచ్చెన తల అంచు మీదికి వచ్చింది. ఈడ్చి గాలివాటున పడుకోబెట్టారు. పది లెక్కపెట్టేంతసేపు వాడు కదల్లేదు. పదకొండోదానికి దగ్గాడు.

"మావయ్యా... ఏమైంది? మీటరు ఏం అనలేదే..."

సరిగ్గా అప్పుడే మడమల చప్పుడుతో ముత్యాలావిడ డెక్ ఎక్కింది. ఆమె ముఖంలో చిరునవ్వు అలాగే ఉంది.

"ఏంటీ గోల? వాడు పొద్దున్నేం తిన్నాడో ఏంటో, కళ్లు తిరిగాయి. మీటర్లకేం కాలేదు. మిగతావాళ్లు దిగండి, టైమైపోతోంది."

ఎవరూ కదల్లేదు. పంతులమ్మ తన దగ్గరున్న రెండు మీటర్లనీ ఒకే తాడుకి కట్టి, మూతలు తెరిచి, రెండు బారలు లోపలికి వదిలి టార్చి వేసింది. ఒకటి 9.1 అని చూపిస్తూ పిచ్చెత్తినట్టు అరుస్తోంది. రెండోది బుద్ధిగా 18.2 దగ్గర నిలబడి సన్నగా మూలుగుతోంది. నైట్రోజన్ అంత పెరిగాక గాని దానికి నోరు రాలేదు.

"చూడండి మేడమ్. అరిచేది నాది, ఆకాశం కింద ఆన్ చేసింది. మూలిగేది మీది, మీ బీరువాలో ఆన్ చేసింది. మీ మీటరు మీద మీకు నమ్మకమేగా? తగిలించుకుని ముందు మీరు దిగండి."

"నాకు ఆర్డర్లు వేస్తావా? ఒక కూలీదానివి!"

"దిగండమ్మా," అన్నాడు మేస్త్రి. "మా పిల్లలు పీల్చగా లేనిది, మీరు పీల్చకూడదా? మీరు దిగి ఎక్కండి. ఆ వెనకే మేమంతా దిగుతాం. లేదంటే ఈ యార్డులో ఇవాళ ఒక్క కాలు కూడా మెట్టు దిగదు."

పారలూ బకెట్లూ ఒకదాని తర్వాత ఒకటి డెక్ మీద పడ్డాయి. ముత్యాలావిడ ట్యాంకు నోటి వంక చూసింది. ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఆ ఒక్క అడుగూ ఏ కోర్టులోనైనా సాక్ష్యానికి సరిపోతుంది.

ఇంజినీరు పరుగెత్తబోయి, డెక్కంతా పరుచుకుని పడుకున్న నిచ్చెన కాళ్లకి తగిలి బోర్లా పడ్డాడు. ఇద్దరు వాడి వీపు మీద కూర్చున్నారు. అదే క్షణంలో ముత్యాలావిడ తెల్ల గ్లవ్స్‌లో చిన్న పిస్తోలు మెరిసింది. గురి పంతులమ్మ నుదుటికి.

"కాల్చండి," అంది పంతులమ్మ, కదలకుండా. "గాలి అందక చచ్చినవాణ్ణి నిర్లక్ష్యం అన్నారు. తూటా తగిలి చచ్చినదాన్ని ఏమంటారో ఇంతమంది ముందు చెప్పి మరీ కాల్చండి."

ఆవిడ వేలు తటపటాయించింది. అంత వ్యవధి చాలు. మేస్త్రి చేతిలోని తాడు కొరడాలా గాలిలో లేచి ఆవిడ మణికట్టుని చుట్టి లాగేసింది. పేలిన తూటా ఆకాశంలోకి పోయింది. ఆ లాగుడికి పేట తెగి, ముత్యాలు డెక్ మీద టపటపా దొర్లి, ఒక్కొక్కటే నాలుగో నంబరు ట్యాంకులోకి పడిపోయాయి. వాటికోసం ఎవరూ దిగలేదు.

*

పెద్దాయన మందీ మార్బలంతో వచ్చేసరికి వాల్వు కట్టేసి ఉంది. ట్యాంకులోకి ఫ్యాను గొట్టంతో మంచి గాలి తోలుతున్నారు. పైనా, నడుమా, అడుగునా మూడుచోట్ల 20.9 వచ్చేదాకా మేస్త్రి ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఆ తర్వాత తాడు కట్టుకుని తానే దిగి, చెవిని పీకి తెచ్చి పెద్దాయన బూట్ల దగ్గర పెట్టాడు.

"ఆర్డర్ ధిక్కరించావు," అన్నాడు పెద్దాయన. "రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి."

"ఇస్తాను. ఇన్‌స్పెక్టరు ఫైలులో నిర్లక్ష్యం కొట్టేసి హత్య అని రాసి, కింద మీరు సంతకం పెట్టిన మరుక్షణం ఇస్తాను. ఆ కాగితం ఆయన ఇంటికి మీరే స్వయంగా తీసుకెళ్లాలి. తపాలాలో వేస్తే ఒప్పుకోను."

పెద్దాయన ఐదుగురు పనివాళ్ల వంక చూశాడు. వాళ్లు కూడా ఆయన్నే చూస్తున్నారు. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.

నిచ్చెనని అంబులెన్సు ఎక్కిస్తుంటే వాడు కూతురి నాటకం టైము అడుగుతూనే ఉన్నాడు. ఖైదీల వ్యాను రేవు గేటు దాటింది. ఇనుప గోడల మధ్య, చేతికి బేడీలతో కూర్చున్న ముత్యాలావిడ చెమట తుడుచుకోలేక విసుక్కుంది.

"ఇందులో అసలు గాలే లేదు. మనుషుల్ని కూర్చోబెట్టే చోటేనా ఇది?"

ఎదుటి బల్ల మీద కూర్చున్న పంతులమ్మ లేచి, కిటికీ గడియ తీస్తూ అడిగింది.

"ఎంత శాతం కావాలి మేడమ్?"