ఆరో గదికి డ్రిప్ వద్దు

"ఈ రాత్రి గడిస్తే బతికినట్టే," అంది డాక్టర్ సువాద్.

స్ఫాక్స్ నగర ఆసుపత్రి ఆరో గదిలో స్పృహ లేకుండా పడి ఉన్నవాడు ఏజెంట్ బషీర్. విదేశీ ముఠా మనుషుల పేర్లన్నీ అతని తలలోనే ఉన్నాయి. దోమ ఎక్కించిన వైరస్ కూడా ఇప్పుడు అక్కడే ఉంది. వార్డుబాయ్ వేషంలో నిలబడిన ఏజెంట్ స్లిమ్‌కి అతను పదేళ్ల జోడీ.

"మందు లేదా, డాక్టర్?"

"లేదు. ఈ వైరస్‌ని పట్టుకోవడం నేర్చుకున్న టీ కణాలనే తెల్లరక్తకణాలే దిక్కు. రక్తంలోంచి మెదడు గోడ దాటి లోపలికి వెళ్తున్నాయి. ఇంకెక్కడైనా అయితే వైరస్ పట్టిన కణాన్ని చంపేస్తాయి. మెదడు కణం పోతే మళ్లీ పుట్టదు. అందుకే అక్కడ కణాన్ని వదిలి, వైరస్ నోరే నొక్కాలని చూస్తాయి."

"మరి భయమేంటి?"

"వాటిని గోడ బయటే ఆపేసే మందుంది. వేరే నరాల జబ్బుకి వాడతాం. నిన్న ఒక సీసా మాయమైంది. ఎవరైనా అది ఇతనికి డ్రిప్‌లో ఎక్కిస్తే జ్వరంతో పోయాడనే అనుకుంటాం. ఇవాళ ఆరో గదికి డ్రిప్ వద్దని రాసేశాను."

తలుపు దగ్గర కాపలా ఇనేస్. స్లిమ్, బషీర్‌ల గూఢచార సంస్థ మనిషే. నర్సు బట్టల్లోనూ సినిమా తారలా ఉంటుంది.

"పొద్దు గుంకుతోంది. నువ్వెళ్లి ఏదైనా తిను, స్లిమ్," అంది ఇనేస్. " ముఖం చూస్తే నువ్వే రోగిలా ఉన్నావు."

ఉపవాసం ముగిసిందని రంజాన్ ఫిరంగి పేలింది. నడవాలు ఖాళీ అయ్యాయి. వంటగదిలో ఎవరో స్లిమ్ చేతిలో ఖర్జూరం పెట్టారు. పొద్దుటి నుంచి ఎండిన గొంతులోకి ఆ తీపి దిగింది.

ముసలి వంటావిడ మబ్రూకా నిండు సూప్ గిన్నెతో గొణుక్కుంటూ తిరిగొచ్చింది.

"ఆ ఇనేస్ గడియ పెట్టుకుంది! డ్రిప్ పెడుతున్నా, తర్వాత తాగుతానంటుంది. ఫిరంగి పేలాక గుక్కెడు నీళ్లైనా తాగని పిల్లని ఎక్కడైనా చూశామా?"

స్లిమ్ పరుగెత్తాడు. మొదటి తన్నుకి గడియ ఊడలేదు. రెండో తన్నుకీ ఊడలేదు. మూడోసారి తలుపుతో పాటు తనూ లోపల పడ్డాడు. మందు గొట్టంలో దిగుతోంది. సూదికి ఇంకా బెత్తెడు దూరం.

గొట్టం లాగేశాడు.

"ఒక్క నిమిషం ఆలస్యమైతే గెలిచేదాన్ని," అంది ఇనేస్. "సూప్ గిన్నె పట్టిస్తుందనుకోలేదు."

గార్డులు ఆమెకు బేడీలు వేశారు. మబ్రూకా అడ్డం నిలబడి గిన్నె ఆమె పెదవులకు ఆనించింది.

"ఆగండి నాయనా. ముందు ఈ పిల్లని రెండు గుక్కలు తాగనీయండి."

నాలుగో రోజు బషీర్ కళ్లు తెరిచాడు. సాయంత్రానికి పేర్లన్నీ చెప్పాడు.

"ఇక ఆ టీ కణాలు వెళ్లిపోతాయా, డాక్టర్?" అని అడిగాడు స్లిమ్.

"కొన్ని మెదడులోనే ఉండిపోతాయి. ఆ వైరస్ మళ్లీ వస్తుందేమోనని కాపలా."

"మా సంస్థ కంటే నయం," అన్నాడు స్లిమ్. "కాపలాకి పెట్టినవి కాపలాయే కాస్తున్నాయి."