దానికి బెల్టు పెట్టలేదమ్మా

మా వాడికి కారు సీటంటే అస్సలు పడదు. ఫోల్కెకి ఇంకా మూడేళ్ళు నిండలేదు కానీ, మొండితనంలో మాత్రం వాళ్ళ నాన్నని ఎప్పుడో దాటేశాడు. ఎత్తి సీట్లో పెట్టగానే ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోతాడు. నేను చెమటలు కక్కుకుంటూ భుజాల మీద పట్టీలు వేసి, బిగించి, తలుపు మూసి, నా సీట్లోకి వచ్చేలోపు రెండు చేతులూ బయటికి లాగేసుకుంటాడు. మళ్ళీ దిగాలి. మళ్ళీ మొదలు.

మా దగ్గర పిల్లల సీటు కారు వెనకవైపు చూసేలా తిప్పే ఉంటుంది. గుద్దుకుంటే పసి మెడ నిలబడేది అలా కూర్చుంటేనే. అందుకే నాలుగేళ్ళు దాటేదాకా మా పిల్లలందరూ వెనకద్దంలోంచి, వదిలేసి వచ్చిన దారినే చూస్తూ పెరుగుతారు. నేనూ అలాగే పెరిగాను. ఏం చూసేదాన్నో ఇప్పుడు గుర్తులేదు.

ఆ రోజు డేకేర్‌లో సీవ్ వాణ్ణి నా చేతికిస్తూ నవ్వింది. పాతికేళ్ళుగా అక్కడ పిల్లల్ని చూస్తున్న మనిషి.

"తూవె, వీడివాళ మధ్యాహ్నం కన్ను మూయలేదు. దారంతా నీ ప్రాణం తోడేస్తాడు చూసుకో."

"రోజూ చేసేదేగా," అన్నాను.

మధ్యాహ్నం మూడు. డిసెంబర్లో మా ఉత్తరాది ఊరు సోర్సెలెలో అప్పటికే చీకటి కమ్మేసి ఉంటుంది. మైనస్ ఇరవై దాటిన చలి. ఊపిరి పీలిస్తే ముక్కులో వెంట్రుకలు గడ్డకడుతున్నాయి. కారు వేడెక్కాక మెడ నుంచి కాళ్ళదాకా కప్పే వాడి మందపాటి ఓవరాల్ విప్పేశాను. దాని మీద బెల్టు వేస్తే బిగిసినట్టే కనిపిస్తుంది గానీ, గుద్దుకున్నప్పుడు పిల్లాడు అందులోంచి జారిపోతాడు. అందుకని ఉన్ని బనీను, ఉన్ని పైజామా, మేజోళ్ళతోనే కూర్చోబెట్టి, పట్టీ కింద వేలు పెట్టి బిగువు చూసి, పైన దుప్పటి కప్పాను. బుద్ధిగా కూర్చున్నాడు. ఇవాళ బతికిపోయాను అనుకున్నాను.

ఊరు దాటితే మా ఇంటిదాకా అడవే. రోడ్డుకి రెండు పక్కలా పైన్ చెట్లు, మంచుగుట్టలు, అంతే. కారులో తడి ఉన్ని వాసన, వాడు సగం కొరికి పడేసిన దాల్చినచెక్క బన్ను వాసన. వాడి మొహం నాకు కనపడాలని వెనక సీటు మీద మా ఆయన ఎస్కిల్ ఒక చిన్న అద్దం బిగించాడు. నా అద్దంలోంచి ఆ అద్దంలోకి చూస్తే ఫోల్కె కనిపిస్తాడు. పాత బస్టాపు దాటాక చూశాను. రెండు చేతులూ బయటే ఉన్నాయి. చెయ్యి ఊపుతున్నాడు.

పళ్ళు కొరుక్కుంటూ కారు ఆపాను. దిగి, వెనక తలుపు తీసి, చేతులు దూర్చి బిగించాను.

"ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? చేతులు తీస్తే కారు కదలదు. తెలుసా?"

"తెలుసు," అన్నాడు చాలా తృప్తిగా.

మళ్ళీ బయల్దేరాను. వంతెన దాటానో లేదో మళ్ళీ తీశాడు. మళ్ళీ ఆపాను. చేతి తొడుగులతో పట్టీ పట్టు దొరకదు, తొడుగులు తీస్తే వేళ్ళు మొద్దుబారిపోతున్నాయి. ఏడుపొచ్చింది నాకు. పొద్దున్నుంచీ ఆఫీసులో పడి, ఇప్పుడు నడి అడవిలో ఒక బుడతడితో కుస్తీ. బెల్టు లేకుండా పిల్లాడితో కారు నడిపే మనిషిని కాను నేను. అది వీడికి బాగా తెలిసిపోయింది.

"ఎందుకురా ఇలా ఏడిపిస్తున్నావ్ నన్ను?"

వాడు నా వైపు చూడలేదు. నా భుజం మీదుగా, వెనకద్దంలోంచి చూస్తున్నాడు.

"నేను చేతులు తీస్తే నువ్వు ఆపుతావుగా. ఆపితే అది వచ్చేస్తుంది."

"ఏది?"

"పాప. పరుగెడుతోంది."

తల తిప్పి చూశాను. వెనక లైట్ల ఎరుపు పడినంత మేరా మంచు. ఆ తర్వాత చీకటి. అడుగులు లేవు, చప్పుడు లేదు. ఇంజను మాత్రం గురగురమంటోంది. ఎవరైనా నడుస్తుంటే ఒంటికి తగిలించుకున్న మెరుపుబిళ్ళ కారు వెలుగుకి మెరవాలి. అది లేకుండా ఈ చీకట్లో మావాళ్ళెవరూ గడప దాటరు.

"ఎవరూ లేరు నాన్నా."

"ఉంది. దానికి ఓవరాల్ లేదు. నాలాగే మేజోళ్ళేసుకుంది."

నా చేతులు ఆగిపోయాయి. ఈ చలిలో ఏ తల్లీ పిల్లని అలా బయటికి పంపదు. కారు సీట్లో కూర్చోబెట్టడానికే మేం అలా విప్పుతాం.

ఏ కారులోంచి...

గబగబా పట్టీలు బిగించి తలుపు వేసి, కారు ముందుకురికించాను. అద్దంలో ఫోల్కె మొహం చిన్నబోయింది. మెల్లగా ఒక భుజం దించాడు. ఒక చెయ్యి బయటికొచ్చింది. తర్వాత రెండోది.

"చేతులు పెట్టుకో బంగారం."

"ఆపమ్మా. అలిసిపోయింది పాపం."

"ఆపను."

పిల్లాడి చేతులు పట్టీల్లో లేకుండా కారు నడపడం అదే మొదటిసారి నాకు. రోడ్డు గాజులా ఉంది. ఏ మలుపులో ఏ దుప్పి నిలబడుంటుందో తెలీదు. నడిపితే వీడి ప్రాణానికి ముప్పు. ఆపితే... ఆపితే ఏమవుతుందో కూడా తెలీదు.

మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా రెయిన్‌డీర్లు. మంచు కరగడానికి చల్లిన ఉప్పు నాకుతూ తాపీగా నిలబడి ఉన్నాయి. బ్రేకు తొక్కాను. కారు జారింది... జారుతూనే ఉంది... వాటికి ఇంకాస్త దూరం ఉందనగా ఆగింది. ఫోల్కె సీటు వీపుకి అదుముకుపోయి, బిక్కమొహం వేసి నా వైపు అద్దంలో చూస్తున్నాడు. వాడికేం కాలేదు. వెనక్కి తిరిగి కూర్చోబట్టి ఏం కాలేదు.

హారన్ కొట్టాను. ఒక్క రెయిన్‌డీరూ తల ఎత్తలేదు. అన్నీ నా కారు వెనక్కే చూస్తున్నాయి. కాసేపటికి, ఎవరో అదిలించినట్టు, ఒక్కసారిగా అడవిలోకి పరుగుతీశాయి.

దిగాను. దిగక ఏం చేస్తాను? వాణ్ణి అలా వదిలేసి నడపలేను. వెనక తలుపు తీశాను. ఒక చేతిని దూర్చాను. రెండో చేతిని దూర్చాను. పట్టీ లాగాను. అలవాటు కొద్దీ వేలు పెట్టి బిగువు చూశాను. తలుపు నా వెనక బార్లా తెరిచి ఉంది.

నా మోకాళ్ళ పక్కనుంచి ఏదో చల్లగా లోపలికి దూరింది. గాలి కాదు. గాలయితే దుప్పటి కదిలేది.

ఫోల్కె నవ్వాడు. "వచ్చేసింది."

తలుపు ఎలా వేశానో, సీట్లోకి ఎలా వచ్చానో తెలీదు. కారు కదిలింది. కొంచెం దూరం వెళ్ళగానే టింగ్... టింగ్... మొదలైంది. వెనక సీట్లో మనిషి ఉండి, బెల్టు లేకపోతే మోగే గంట. ఫోల్కె చేతులు లోపలే ఉన్నాయి. గంట మోగుతోంది ఆ పక్క సీటుకి. నా వీపు వెనక ఉన్న సీటుకి.

"అమ్మా," వాడు గుసగుసగా అన్నాడు. "దానికి బెల్టు పెట్టలేదు."

నేను హీటరు మొత్తం తిప్పేశాను.

"వాళ్ళ కార్లో కూడా పెట్టలేదంట."

టింగ్... టింగ్... టింగ్... రోడ్డు తప్ప ఇంకేం చూడకూడదనుకున్నాను. కళ్ళు వాటంతటవే అద్దంలోకి వెళ్ళాయి. వాడి మీది దుప్పటి మెల్లగా పక్కకి జరుగుతోంది. సగం వాడి మీద ఉంది. సగం అద్దానికి అందని చోట...

క్లిక్.

గంట ఆగిపోయింది.

ఇల్లు చేరేదాకా ఫోల్కె చేతులు బయటికి తీయలేదు. అంత బుద్ధిగా వాడెప్పుడూ కూర్చోలేదు. మధ్యలో నిద్రపోయాడు కూడా. నేను మాత్రం చలి పట్టిన వీపుతో నడిపాను. కారు హీటరు మొత్తం తిప్పినా ఆ వీపు వేడెక్కలేదు.

ఎస్కిల్ వాకిట్లో మంచు తోడుతున్నాడు. పార పక్కన పెట్టి వచ్చాడు.

"ఏంటింత ఆలస్యం? మళ్ళీ సతాయించాడా దొరగారు?"

అతను నా సీటు వెనక తలుపు తీసి, లోపలి దీపం వెలుగులో ఆగాడు.

"ఈ పక్క బెల్టు ఎందుకు పెట్టావ్? ఎవర్ని ఎక్కించుకొచ్చావ్?" నవ్వుతూనే తియ్యడానికి వంగాడు.

"తియ్యకు నాన్నా." ఫోల్కె కళ్ళు తెరవకుండానే అన్నాడు. "దాని ఇల్లింకా రాలేదు."

ఎస్కిల్ చెయ్యి ఎర్ర బటన్ మీదే ఉండిపోయింది. నవ్వు పోయింది. నేను దిగి వచ్చి అతని పక్కన నిలబడ్డాను. ఖాళీ సీటుకి అడ్డంగా ఉన్న బెల్టు సీటుకి ఆనుకుని లేదు. జానెడు ఎడంగా, గాల్లో బిగిసి ఉంది. మేమిద్దరం చూస్తుండగా అది కొద్దిగా పైకి లేచింది. మళ్ళీ కిందికి దిగింది. మళ్ళీ లేచింది... పిల్లలు నిద్రలో ఊపిరి తీసుకున్నట్టు.