జాబ్రియా ఇంటి నేతబొమ్మ

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. పలకలు పక్కన పెట్టండి. చిట్టీ, ఈ పొద్దు గోడకు ఆనుకోవద్దులే... ఎందుకో నీకే తెలుస్తుంది.

కువైట్‌లో జాబ్రియా అని ఒక పేట. అక్కడొక ఇంటికి చెడ్డపేరు పడింది. ఇరాకు సైన్యం ఊరిమీద పడిన ఏడు, దోచుకుందామని ఆ ఇంట్లో దూరిన ఇద్దరు సిపాయిలు తుపాకీ గుమ్మంలోనే పారేసి ఉరికొచ్చినారంట. "గోడమీద ఆడమనిషి... మమ్మల్నే చూస్తాంది!" అని ఒకటే వణుకు.

ఆ మాట విని, మన ఊరినుంచి అక్కడికి పనికి పోయిన సిద్ధమ్మ నవ్వింది. నాలుగేండ్లు ఆ ఇంట్లోనే పనిచేసింది మరి. యజమానురాలిని అక్కడ మామా అంటారు. ఆ మామా మగ్గంమీద గోడకు తగిలించే బొమ్మలు నేసేది — కదిలే బొమ్మలు!

కాగితాన్ని విసనకర్ర మాదిరి మడిచి, మడతలకు ఒకపక్క ఎరుపు, రెండోపక్క నలుపు పూయండి. ఇటునుంచి అటు నడిస్తే ఎరుపు పోయి నలుపొస్తుంది గదా? మామా నేత అంతే. ఒకపక్క కుడికి చూసే మొగం, రెండోపక్క ఎడమకు చూసే మొగం. మనం ఎటు పోతే ఆమె అటు చూస్తుంది.

"కదిలేది అది కాదు సిద్ధమ్మా, నువ్వు. నువ్వు నిలబడితే అదీ నిలబడుతుంది" అనేదంట మామా.

ఆ మామా ఎండలకు తాళలేక పరదేశం పోయింది. ఇంతలోనే యుద్ధం. తన మాదిరే రాయచోటినుంచి పనికొచ్చిన జమీలా బీ గదిలో సిద్ధమ్మ తలదాచుకుంది. తెల్లారితే జోర్డాన్‌కు బస్సు, అక్కడినుంచి మన దేశానికి విమానం. అది తప్పితే మళ్లీ ఎప్పుడో, అసలుందో లేదో. పాసుపోర్టేమో, పనివాళ్లందరి మాదిరే, యజమాని దగ్గరే, ఆ ఇంట్లో — మెట్లకింద సొరుగులో.

"వద్దు సిద్ధక్కా... ఆ ఇల్లు మంచిది కాదంట."

"నాలుగేండ్లు దాని దుమ్ము దులిపినా మే. నన్ను చూసి అదే భయపడాల!"

జమీలా సందు మొగదల కావలి నిలబడింది. సిద్ధమ్మ వంటింటి తలుపు తోసుకుని లోపలికి పోయింది.

కరెంటు లేదు. చేతిలో టార్చి. హాల్లో అడుగు పెట్టింది... గోడమీద మొగం ఆమెవైపు తిరిగింది. సిద్ధమ్మ నిలబడింది — అదీ నిలబడింది. "తెలుసులే నీ వేషం" అనుకుంది.

మెట్లకింద సొరుగు లాగింది. పాసుపోర్టు దొరికింది! రొమ్ముకు అదుముకుని, మాను మాదిరి నిలబడిపోయింది. టార్చి వెలుగు బొమ్మమీదే ఉంది.

అడుగు వెయ్యలేదు. చెయ్యి కదపలేదు.

గోడమీద మొగం... మెల్లగా... ఆమెనుంచి తిరిగి — వీధి గుమ్మంవైపు చూసింది.

కదిలేవాళ్లనే గదా అది చూసేది! సిద్ధమ్మ టార్చి ఆర్పి, వంటింట్లోంచి ఒకటే పరుగు. ఆమె వెనకాల వీధి తలుపు పగిలిన చప్పుడు.

"సిపాయిలక్కా, నలుగురు! బండి లైట్లార్పుకుని వచ్చినారు, నీకు చెప్పే దోవే లేకపాయ..." అని జమీలా గుసగుసగా ఏడ్చింది.

తెల్లారి ఇద్దరూ బస్సెక్కినారు.

ఏంది నాగరాజూ, ఆమె మోకాళ్లు వణికింటాయంటావా? నేనూ అదే అడిగినా. "నేను వణికితే బొమ్మ అటూఇటూ ఊగాల గదా సారూ" అనింది సిద్ధమ్మ. "ఊగలే. ఒక్కసారే తిరిగింది... తిరిగి, అట్లే ఉండిపోయింది."

సరే, ఇండ్లకు పోండి, సంగటి చల్లారిపోతుంది. పరిగెత్తుకుంటా పోండి. మీరు కదులుతా ఉన్నంతసేపూ, ఏది కదిలినా మీవల్లే అనుకోవచ్చు, ఏం భయం లేదు. దోవలో మాత్రం... ఎక్కడా నిలబడొద్దు.