నీళ్ళు తాగే తొట్టి

మైపాడు దాటి ఉత్తరంగా పోతే సరుగుడు తోపు వస్తాది. ఆ తోపులో ఫ్రెడ్డీ సారు గెస్ట్‌హౌసు. పొద్దుగూకినాక అటుపక్క పోవద్దంటారు. ఎందుకంటే దాని పెరట్లో ఓ చెక్క తొట్టి ఉండాది — నలుగురు కూర్చుని మునిగేంత తొట్టి — అది రాత్రిళ్ళు నీళ్ళు తాగతాదంట.

నవ్వబాకండి. ముందు వినండి.

సిటీల నుంచి వచ్చేవాళ్ళకి వేడినీళ్ళ తొట్టిలో కూర్చుని సముద్రం చూడటం ఇప్పుడో సరదా. పక్కనే ఇనప పొయ్యి, అందులో సరుగుడు కట్టెలు, గొట్టాల్లోంచి కాగిన నీళ్ళు. బెంగుళూరు జంటొకటి అట్టాగే దిగినారు. గొంతు దాకా ఉన్న నీళ్ళు గంట తిరక్కముందే నడుముకి వచ్చినాయి. ఇంతలో తొట్టి అడుగునుంచి మూలుగు... "ఊఁ... ఊఁ..." అంతే! తువ్వాళ్ళు కూడా వదిలేసి కారెక్కినోళ్ళు మళ్ళీ నెల్లూరులోనే ఆగినారు.

మరి ఆ చెక్క ఎవరిదనుకున్నారు? నరసయ్య పడవది.

మూడేళ్ళ కింద తుఫానులో నరసయ్య పోయినాడు. పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చింది, మనిషి మాత్రం దొరకలేదు. పెళ్ళాం నాగులమ్మ గతిలేక పడవ అమ్మేసింది. బుచ్చిరెడ్డిపాలెం వడ్రంగి పీర్ సాహెబ్ ఆ టేకు పలకల్ని చిత్రికపట్టి, చుట్టూ ఇనప పట్టీలు బిగించి, ఫ్రెడ్డీ సారుకి తొట్టి చేసిచ్చినాడు. దాన్ని చూసుకునే పనికి నాగులమ్మే వచ్చి కుదిరింది. జీతం సంగతి అట్టుంచండి, ఆ చెక్కని వదిలి ఉండలేక వచ్చింది.

ఊరి నోరు ఊరుకుంటాదా? "పోయేటప్పుడు నోట్లో గుక్కెడు మంచినీళ్ళు పడలేదు పాపం. దప్పికతో తిరగతా ఉండాడు. ఆ నీళ్ళు తాగేది నరసయ్యే" అన్నారు. ఆ మాట నాగులమ్మ గుండెలో ముల్లై దిగింది. తులసి నీళ్ళు పొయ్యలేకపోతినే అని ఏడవని రోజు లేదు.

తొట్టిని మాత్రం కన్నబిడ్డని చూసినట్టు చూసేది. వేట నుంచి రాగానే నరసయ్య పడవని ఒడ్డుకి లాగి, నీళ్ళు తోడి, ఎండబెట్టి, నూనె పూసేవాడు. ఆమెకి తెలిసిన పద్ధతి అదే. వచ్చినోళ్ళు పోగానే తొట్టిని చుక్క లేకుండా తోడేసి, పాతచీరతో తుడిచి, ఎండలో ఆరబెట్టేది. అయినా రోజురోజుకీ మూలుగు ఎక్కువైంది. నీళ్ళు పోసినవి పోసినట్టే మాయం.

ఓ శుక్రవారం సాయంత్రం ఫ్రెడ్డీ సారు వచ్చి తేల్చి చెప్పేసినాడు. "ఇంక నావల్ల కాదు నాగులమ్మా. రేపు పొద్దున్నే పీర్ సాహెబ్ వస్తాడు. పగలగొట్టించి పొయ్యిలో వేసేద్దాం."

"సార్... ఆయనదంటూ నాకు మిగిలింది ఇదొక్కటే సార్!"

సారు మొహం తిప్పుకుని కారెక్కినాడు.

ఆ రాత్రి కరెంటు పోయింది. తోపులో గాలి హోరు. ఎండిపోయిన తొట్టి పక్కన చాప వేసుకుని నాగులమ్మ కూర్చునుండాది. నిద్ర యాడిది? లేస్తాది, తొట్టి చుట్టూ తిరగతాది, మళ్ళీ కూర్చుంటాది...

"ఊఁ..."

ఉలిక్కిపడింది.

టక్ — లోపల్నుంచి ఎవరో వేలితో కొట్టినట్టు. మళ్ళీ — టక్... టక్...

ఒక్క పరుగున వరండా ఎక్కింది. స్తంభం పట్టుకుని చాలాసేపు అట్టాగే నిలబడింది. తెల్లారితే గొడ్డలి పడతాది. భయపడి ఇప్పుడు పారిపోతే ఆయనకి ఆ తులసి నీళ్ళు మళ్ళీ ఎప్పుడు పొయ్యాల?

వరండాలో తులసి మొక్క ఉండాది. రెండాకులు తుంచి చెంబులో వేసింది. నిండా మంచినీళ్ళు పోసి, మూతపెట్టి, తెచ్చి తొట్టి పక్క బల్ల మీద పెట్టింది.

"మావా... తాగు మావా. ఎన్నాళ్ళ దప్పికో ఏమో..."

చెంబెడు నీళ్ళు ఏ మూలకని బిందె తీసుకుంది. చేతిపంపు కొట్టడం, తెచ్చి తొట్టిలో పొయ్యడం. పోసినవి పోసినట్టే సందుల్లోంచి ఇసకలోకి కారిపోతా ఉండాయి. అయినా ఆపలేదు. నలభై బిందెలో, యాభై బిందెలో! చేతులు బొబ్బలెక్కినాయి. "తాగు మావా... తాగు..." అంటానే ఉండాది.

తూర్పు తెల్లబడేసరికి కారడం తగ్గింది. మోకాలెత్తు నీళ్ళు నిలబడినాయి. మూలుగు లేదు. తొట్టికి చెవి ఆనించి, అట్టాగే కూలబడిపోయింది.

పొద్దెక్కినాక పీర్ సాహెబ్ మోపెడ్ మీద గొడ్డలేసుకుని వచ్చినాడు. తొట్టిలోకి చూసినాడు, పలకలు తడిమినాడు, నెత్తి కొట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ దీన్ని ఎండబెడతా ఉండావా తల్లీ? పడవనుకున్నావా?"

"పడవే గదా సాహెబన్నా."

ఆయన గొడ్డలి పక్కన పెట్టేసినాడు. "తొట్టి ఎప్పుడూ తడిగా ఉండాలమ్మా. ఎండితే పలకలు ముడుచుకుని సందులు పడతాయి, నీళ్ళన్నీ కారిపోతాయి. ముడుచుకునేటప్పుడూ ఉబ్బేటప్పుడూ ఆ మూలుగులు, ఆ టకటకలు. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. చెప్పకుండా పోవడం నాది తప్పు."

అక్కడే నిలబడి ఫ్రెడ్డీ సారుకి ఫోన్ చేసినాడు. తొట్టికేం కాలేదు, నేను పూచీ, గొడ్డలి వెయ్యనన్నాడు. నాగులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుపులోనే నవ్వొచ్చింది. చెక్క మూలిగితే మొగుడనుకున్నానా!

"గొంతెండిపోయింది తల్లీ" అంటా పీర్ సాహెబ్ బల్ల మీది చెంబు అందుకున్నాడు.

"అయ్యో, అది వద్దన్నా! అది ఆయనకి పెట్టింది—"

అప్పటికే మూత తీసినాడు. లోపలికి చూసి, నాగులమ్మ వైపు చూసినాడు.

"ఇందులో నీళ్ళేవమ్మా?"

చెంబుకి చిల్లు లేదు. కింద బల్ల పొడిగా ఉండాది. అడుగున రెండు తులసాకులు మాత్రం అంటుకునుండాయి.