కన్యాదానం వేళ ఆగిన షట్టర్

బొడ్డమ్మ కెమెరాని ఎస్సై టేబుల్ మీద దబ్బుమని పెట్టింది.

"ఈ కెమెరానీ, ఈ పిల్లనీ రెండింటినీ లోపలెయ్యండి మేడమ్!"

ఎస్సై సుప్రజ తలెత్తింది. ఉదయం పదిన్నర. బొడ్డమ్మ వెనక పాతికేళ్ల అమ్మాయి నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పేరు రోజా. పెళ్లిళ్లకి ఫొటోలు తీస్తుంది.

బొడ్డమ్మది వజ్రపుకొత్తూరు మండలంలో ఓ తీరపు పల్లె. సముద్రం మీద బతికే కుటుంబం. కిందటి నెలలో కూతురి పెళ్లి చేసింది, ఫొటోలకి రోజాని పెట్టుకుంది. భర్త కూర్మనాథానికి రెండు కిడ్నీలూ పోయాయి. డయాలసిస్ నుంచి తిన్నగా పందిట్లోకి తెచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి కన్యాదానం చేయించారు. వారం తిరగకుండానే ఆయన పోయాడు.

"అల్లుడి కాళ్లు కడిగిన ఫొటో నేదు. తాళి కట్టిన ఫొటో నేదు. నాన్న పక్కన పిల్ల నిలబడ్డది ఒక్కటీ నేదు. ఏటి సూసుకుని ఏడవాలి మేడమ్ అది?"

"ఫోన్లలో ఎవరూ తీయలేదా?"

"అన్నిట్లోనూ పొగా, తలకాయలూ. ఫొటోలు తీసే పిల్లుంది గదా అని ఎవులూ ముందుకి రానేదు."

రోజా ఒక అడుగు ముందుకేసింది. "నాను మోసం సెయ్యనేదు మేడమ్. కన్నీదానం మొదలెట్టగానే కెమెరా టక్కుమంది. తెర మీద ఎర్రర్ వచ్చీసింది. మరి పలకనేదు. సెకండ్‌హ్యాండ్‌లో కొత్తగా కొన్నదుంది గదా అని పాత కెమెరా ఇంట్లోనే వదిలీసినాను."

హెడ్ కానిస్టేబుల్ ఢిల్లీబాబు ఆవలించాడు. "సెకండ్‌హ్యాండ్ సరుకు మేడమ్. కన్స్యూమర్ కోర్టు మేటర్. పంపించేద్దాం."

సుప్రజకి ఒళ్లు మండింది. "మీ ఇంటి పెళ్లయితే ఇలాగే ఆవలిస్తారా?"

ఆమె రోజా వైపు తిరిగింది.

"ఎక్కడ కొన్నావు?" సుప్రజ అడిగింది.

"ఇక్కడే. రామూర్తి గారి షాపులో."

"చూసుకునే కొన్నావా?"

"అన్నీ సూసుకున్నాను. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో, అంటే అప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో, ఆ లెక్క కూడా తీయించినాను. తక్కువే వాడినారు. రెండేళ్లు దాసుకున్న డబ్బులు మేడమ్, ఊరికే ఇత్తానా? నా మెమరీ కార్డు పెట్టి షాపులోనే ఫొటోలు తీసి సూసినాను."

"ఆ కార్డు ఉందా?"

"ఉంది. ఆ ఫొటోలు సెరపనేదు."

సుప్రజ కార్డుని కంప్యూటర్‌కి పెట్టింది. షాపు సీలింగ్ ఫ్యాను. రోడ్డు మీద అరటిపళ్ల బండి. బండివాడి మొహం. ఒక్కో ఫొటో వివరాలు తెరిచింది. తీసిన టైము, లెన్సు, కెమెరా సీరియల్ నంబర్. తర్వాత టేబుల్ మీద కెమెరాని తిరగేసి అడుగున స్టిక్కర్ మీద నంబర్ చదివింది.

మళ్లీ చదివింది.

"రోజా, ఇది నువ్వు కొన్న కెమెరా కాదు."

"ఏటి మేడమ్?"

"మోడల్ ఒక్కటే. నంబర్ వేరు. ఎవరో మార్చేశారు."

ఫోన్ చేస్తే పావుగంటలో షాపు రామూర్తి వచ్చాడు. వస్తూనే అరిచాడు. "మార్చానంటారా? సొంత చేత్తో ఈవిడ చేతికిచ్చాను! బెల్టు కూడా అక్కడే తగిలించుకుంది. అసలు ఈ కెమెరా వద్దని మొత్తుకున్నది నేను!"

"ఎందుకు వద్దన్నారు?"

"ఈవిడ పాత కెమెరా వేరే కంపెనీ. దానికి రెండు మంచి లెన్సులున్నాయి, ఇంకో కంపెనీ కెమెరాకి అవి పట్టవు. అదే కంపెనీలో పై మోడల్ బాడీ, అంటే లెన్సు లేని ఉత్త కెమెరా, తీసుకుంటే ఆ లెన్సులే పనికొస్తాయి. ఉన్న డబ్బులకి అదే తెలివైన పని. బాడీ తీసి చూపించాను కూడా. పక్కనున్న గురువుగారు కొననివ్వలేదు."

"ఎవరా గురువుగారు?"

జవాబు రోజా ఇచ్చింది. "ఫణీంద్ర మాస్టారు. టెక్కల్లో స్టూడియో. నాకు పని నేర్పినోరు ఆయనే. ఇదే కొనుక్కో, లెన్సు నాది వాడుకో అన్నారు."

"కొన్నాక కెమెరా నీ చెయ్యి దాటిందా?"

"నేదు." రోజాకి ఏదో గుర్తొచ్చింది. "లోపలి సెన్సర్ శుభ్రం సేసిత్తానని ఒక్క రోజు ఆయన కాడ ఉంచుకున్నారు." అంతలోనే గొంతు లేచింది. "మాస్టారు అలాటోరు కాదు మేడమ్! ఆయన్ని అనకండి!"

సుప్రజ ఆయన నంబర్ అడిగి రాసుకుంది. ఫోన్ తీసింది.

"ఫణీంద్రగారా? స్టేషన్లో చిన్న ఫంక్షన్ ఉంది. గ్రూప్ ఫొటో కావాలి. మంచి కెమెరా తెచ్చుకోండి."

సాయంత్రం నాలుగింటికి ఫణీంద్ర వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నవ్వు మొహం. సిబ్బందిని వరసగా నిలబెట్టి రెండు ఫొటోలు తీశాడు.

"బాగా వచ్చాయా? కార్డు ఇటివ్వండి," అంది సుప్రజ.

ఇచ్చాడు. సుప్రజ కంప్యూటర్ ముందు కూర్చుంది. ఫొటోల వివరాలు తెరిచింది. లోపలి గదివైపు తిరిగి పిలిచింది. బొడ్డమ్మ, రామూర్తి, రోజా బయటికొచ్చారు.

ఫణీంద్ర నవ్వు చెదిరింది.

"మీ కెమెరా అడుగున స్టిక్కర్ లేదేం?"

"ఊడిపోయింది మేడమ్."

"గీకేశారు. కానీ ఈ కెమెరా తీసే ప్రతి ఫొటోలోనూ తన నంబర్ రాసుకుంటుంది. అది గీకడానికి మీ గోరు చాలదు. ఇప్పుడు మీరు తీసిన ఫొటోలో నంబరూ, రోజా షాపులో తీసిన ఫొటోలో నంబరూ ఒక్కటే."

"ఏదో పొరపాటు..."

"నేను మిమ్మల్ని అనుమానించింది నంబర్ వల్ల కాదు. మీ సలహా వల్ల. డబ్బులు తక్కువున్న పిల్ల. చేతిలో రెండు లెన్సులు. అవి పనికిరాని కెమెరా కొనమని ఏ గురువు చెబుతాడు? మీ దగ్గర అరిగిపోయిన కెమెరా ఉంది. మార్చాలంటే అచ్చం అదే మోడల్ ఈ పిల్ల కొనాలి. అందుకే కొనిపించారు!"

ఫణీంద్ర కుర్చీ వెతుక్కున్నాడు. ఎవరూ ఇవ్వలేదు.

"అమ్మా రోజా! ఆ కెమెరా పెళ్లి మధ్యలో ఆగిపోతుందనుకోలేదమ్మా. ఇంకో ఏడాది లాగుద్దనుకున్నాను. కొత్తది కొనిపెడతాను. రాజీ అయిపోదాం."

బొడ్డమ్మ మీదికి దూకింది. "రాజీయా? మా ఆయన్ని తెత్తావేట్రా? మళ్లీ పందిట్లో కూకోబెడతావేట్రా?"

ఢిల్లీబాబు అడ్డం పడి ఆపాడు.

రోజా మాత్రం కదల్లేదు. పొద్దున్నుంచీ ఈయన్నే కదా తను వెనకేసుకొచ్చింది.

"ఊరంతా నన్ను దొంగంది మాస్టారు. నాను మీకు ఫోన్ సేసి ఏడిసినాను. మీరేటన్నారు? 'నీకు కెమెరా పట్టుకోడం సేతకాదు' అన్నారు. ఆ మాట నమ్మీసినాను." కళ్లు తుడుచుకుని సుప్రజ వైపు తిరిగింది. "కేసు రాయండి మేడమ్. రాజీ నేదు."

"ఈ కెమెరా కోర్టులో పెట్టాలి. నీ చేతికి రావడానికి టైం పడుతుంది. తొందరగా ఇప్పించమని నేనే పిటిషన్ వేయిస్తాను."

"ఎంతకాలమైనా ఉండనీండి. కేసులోంచి ఆడి పేరు మాత్రం కొట్టీకండి."

మాస్టారు 'ఆడు' అయిపోయాడు. ఫణీంద్ర తల దించుకున్నాడు.

సుప్రజ ఎఫ్ఐఆర్ రాయించి సంతకాలు తీసుకునేసరికి ఆరయింది. రోజా మెట్లు దిగి రోడ్డు మీద నిలబడింది. బొడ్డమ్మ వెనకే వచ్చింది. తప్పయిందని అనలేదు. ఆ కోపం ఒక్క పూటలో దిగేది కాదు.

ఇద్దరూ బస్సు వచ్చే దారి వైపు చూశారు.

"మధ్యాన్నం ఏటైనా తిన్నావేటే?" అంది బొడ్డమ్మ కసురుతున్నట్టే.

రోజా లేదన్నట్టు తలూపింది.

"నడు. ముందు ఏదైనా తిందువు గాని."